పాము పెట్టెలో కుంపటి

(కమ్యూనిటీ రేడియో తెలుగు కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. మాట్లాడిన తీరు మార్చలేదు.)

ఇవాళ నేను మాట్లాడబోయేది పాముల గురించి. దయచేసి రేడియో కట్టెయ్యకండి. భయపెట్టడానికి రాలేదు. మా ఇంట్లో ఒక చిన్న కొండచిలువ ఉంది, దాన్ని వెచ్చగా ఉంచబోయి నేను చేసిన తప్పులున్నాయి. అవి మీ ఇంట్లో జరక్కూడదని చెప్తున్నాను.

మేం ఉండేది సిడ్నీకి నైరుతిన ఎడ్మండ్‌సన్ పార్క్‌లో. ఇక్కడి బళ్ళకి అప్పుడప్పుడు బల్లుల్నీ, పాముల్నీ పట్టుకుని కొందరొస్తారు, పిల్లలకి చూపిస్తారు. మా వాడు ఒకరోజు మెడలో పాముతో ఫొటో దిగి ఇంటికొచ్చాడు. ఆ రోజు నుంచి ఒకటే పోరు. మన వాళ్ళ ఇళ్ళల్లో కుక్కలు, పిల్లులు, చేపలతో మొదలై ఇప్పుడు పాముల దాకా వచ్చింది కాబట్టి, మీలో కొంతమందికైనా ఈ పోరు తెలిసే ఉంటుంది.

మేం తెచ్చుకున్నదాన్ని ఇక్కడ చిల్డ్రన్స్ పైథాన్ అంటారు. పేరు విని పిల్లల కోసం ఉన్న పామేమో అనుకున్నాను నేను. కాదు. 1842లో జాన్ ఎడ్వర్డ్ గ్రే అనే ఆయన, బ్రిటిష్ మ్యూజియంలో తనకి పెద్దాయన అయిన జాన్ జార్జ్ చిల్డ్రన్ పేరు పెట్టాడు దానికి. ఇంటిపేరు అన్నమాట! అయినా పేరుకి తగ్గట్టే సాధువైన పాము. విషం లేదు. పెరిగితే మీటరు పొడవు. ఆస్ట్రేలియా ఉత్తరాన, ఎండ మండిపోయే చోట పుట్టిన జాతి. ఉత్తరాది పామని ఎందుకు చెప్తున్నానో జూలై నెల చలిలో అర్థమవుతుంది.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. న్యూ సౌత్ వేల్స్‌లో పాముని ఇంటికి తేకముందే లైసెన్సు తీసుకోవాలి, లైసెన్సు ఉన్నవాళ్ళ దగ్గరే కొనాలి. అడవిలోంచి పట్టుకు రాకూడదు. అమెరికాలో మన పిల్లలు పెంచే బాల్ పైథాన్, కార్న్ స్నేక్ లాంటి విదేశీ పాములు ఆస్ట్రేలియాలో ఇళ్ళల్లో ఉంచుకోవడం నేరం. ఇక మన ఊళ్ళో కొండచిలువని పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అసలే కుదరదు. సెలవులకి వెళ్ళినప్పుడు పిల్లలు అడుగుతారు, ముందే చెప్పి ఉంచండి.

ఇక అసలు విషయం.

చిన్నప్పుడు మనం పాముల్ని శీతల రక్త జంతువులని చదువుకున్నాం. ఆ మాట కొంత తప్పుదారి పట్టిస్తుంది. ఎండలో పడుకున్న పాము రక్తం మన రక్తమంత వేడిగానూ ఉండొచ్చు. తేడా ఏమిటంటే మన వేడి మనలో పుడుతుంది, దాని వేడి బయటి నుంచి రావాలి. 1944లో రేమండ్ కౌల్స్, చార్లెస్ బోగర్ట్ అనే ఇద్దరు అమెరికన్లు ఎడారి బల్లుల్నీ పాముల్నీ పరిశీలించి ఒక సంగతి రాశారు. ఇవి వాతావరణం ఎలా ఉంటే అలా పడుండే జంతువులు కావు, ఎండకీ నీడకీ మధ్య తిరుగుతూ తమ ఒంటి వేడిని తామే సర్దుకుంటాయి అని. పాముకి స్వెట్టరూ, ఫ్యానూ రెండూ దాని నడకే.

మన పుట్టల్ని గుర్తు చేసుకోండి. చెదలు కట్టిన పుట్టలో పాము ఎందుకు చేరుతుంది? బయట ఎండ పేలిపోతున్నా, రాత్రి మంచు కురిసినా లోపల వేడీ, తేమా అంత త్వరగా మారవు. పైకొస్తే ఎండ, లోపలికెళ్తే చల్లదనం. పాముకి కావలసింది ఆ రెండూ.

కాబట్టి "మా పాముకి ఎన్ని డిగ్రీలు పెట్టాలి?" అని అడిగితే ఒక్క అంకె చెప్పడం కుదరదు. పెట్టె ఒక చివర వెచ్చగా, ఇంకో చివర చల్లగా ఉండాలి, మధ్యలో మెల్లగా మారుతూ పోవాలి. మా జాతి పాముకి వెచ్చని చివర అది పడుకునే చోట 32 డిగ్రీలు, చల్లని చివర 24 నుంచి 26. అమెరికా శ్రోతల లెక్కలో అటు 90, ఇటు 77 దగ్గర. రాత్రిపూట ఇంకో రెండు మూడు డిగ్రీలు తగ్గినా ఫరవాలేదు. బాల్ పైథాన్‌కీ ఇంచుమించు ఇవే అంకెలు సరిపోతాయి. కానీ సిడ్నీ చుట్టుపక్కల అడవుల్లోనే పుట్టే డైమండ్ పైథాన్ ఉంది చూశారూ, దానికి ఇది పనికిరాదు. అది చలి దేశపు కొండచిలువ. రోజులో కొన్ని గంటలు ఎండ కాచుకుని, మిగతా సమయం, ముఖ్యంగా రాత్రి, చల్లగా గడుపుతుంది. దాన్ని ఇరవై నాలుగ్గంటలూ కాగబెడితే జబ్బు చేస్తుందని అనుభవజ్ఞులు హెచ్చరిస్తారు. మీ పాము ఏ జాతిదో, ఏ ఊరిదో తెలుసుకోకుండా ఎవరి అంకె తీసుకోకండి, నాది కూడా.

ఇప్పుడు నా తప్పుల కథ.

పెట్టె తెచ్చాం. గాజుది. దాని కింద ఒక వైపు హీట్ మ్యాట్ పెట్టాం. అంటే కరెంటుతో వేడెక్కే పల్చటి చాప లాంటిది. పెట్టెతో పాటు గుండ్రటి ముల్లు థర్మామీటరు ఒకటి వచ్చింది. దాన్ని గాజుకి పైన, కంటికి కనపడేలా అంటించాం. ముల్లు 28 చూపించింది. బాగుంది అనుకున్నాం. జూన్ నెలాఖర్లో పాముకి చిన్న ఎలక పెట్టాం (దుకాణాల్లో గడ్డకట్టించి అమ్ముతారు లెండి, కరిగించి పెట్టాలి). తిన్నది. నాలుగో రోజు పొద్దున్న ఆ ఎలకని అలాగే కక్కేసింది. ఆ వాసన గురించి చెప్పను, మీలో కొందరు భోజనాల దగ్గర ఉండి ఉంటారు.

పాము కక్కడమంటే మన పిల్లాడు పాలు కక్కినట్టు కాదు. దాని కడుపులో ఎలక అరగడానికి వేడి కావాలి. ఒళ్ళు చల్లగా ఉంటే అరుగుదల ఆగిపోతుంది, తిన్నది లోపలే కుళ్ళుతుంది, అప్పుడు బయటికి తోసేస్తుంది. రెండు మూడు సార్లు వరసగా అలా జరిగితే చిన్న పాములు చచ్చిపోతాయి కూడా. మాది రెండోసారీ కక్కింది. పాముల్ని చూసే పశువైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ పాముని చూడకముందే నన్ను అడిగిన ప్రశ్న: "అది దాక్కునే గూట్లో ఎంత ఉంది?" నాకు తెలీదు. ముల్లు చూపించే 28 గాజు పైన ఉన్న గాలి సంగతి, అదీ మా హాల్లో హీటర్ వేసి ఉన్నప్పటి సంగతి. ఇంటికొచ్చి సరైన డిజిటల్ థర్మామీటరు గూట్లో పెట్టి చూస్తే, తెల్లవారుజామున 21. మ్యాట్ మీద నేను మూడు అంగుళాల మందాన చెక్కపొట్టు పరిచాను, మెత్తగా ఉంటుందని! వేడి దాన్ని దాటి పైకి రావడం లేదు.

నా ఉద్యోగం కంప్యూటర్ వ్యవస్థలు సరిగ్గా నడుస్తున్నాయో లేదో కనిపెట్టే పనిముట్లు అమర్చడం. సెన్సరు ఎక్కడుంటే అక్కడి కబురే చెప్తుందని ఆఫీసులో పదిమందికి పాఠం చెప్పేదాన్ని. ఇంట్లో నేనే మర్చిపోయాను.

సరే, అప్పుడు థర్మోస్టాట్ కొన్నాను. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. థర్మామీటరు వేడి ఎంతుందో చూపిస్తుంది, అంతే. థర్మోస్టాట్ తన సెన్సరు దగ్గర ఎంతుందో చూసి, మనం పెట్టిన అంకె రాగానే మ్యాట్‌కి కరెంటు ఆపుతుంది, తగ్గితే మళ్ళీ ఇస్తుంది. థర్మోస్టాట్ లేని మ్యాట్ కొన్నిసార్లు 45 డిగ్రీలు దాటి కాగుతుంది. మీకు వింతగా అనిపించే సంగతి ఇంకోటి: పొట్ట కింద కాలుతున్నా పాము చాలాసార్లు పక్కకి జరగదు. అడవిలో వేడి ఎక్కువగా పైనుంచి, సూర్యుడి నుంచి వస్తుంది. కింద నిప్పులాంటి నేల మీద గంటల తరబడి పడుకుని ఒళ్ళు కాల్చుకున్న పాముల్ని వైద్యులు తరచూ చూస్తారు. వేడి రాయి అని అమ్ముతారు, లోపల తీగ ఉన్న సిమెంటు రాయి. దాన్ని మాత్రం కొనకండి.

నేను థర్మోస్టాట్ సెన్సరుని మ్యాట్ ఉన్నవైపు, పెట్టె లోపల టేపుతో అంటించాను. పది రోజులు బాగానే నడిచింది. ఒక రాత్రి పాము టేపు కిందికి దూరి సెన్సరుని లాగేసింది. అది పోయి నీళ్ళ గిన్నెలో పడింది. ఇక చూడండి. నీళ్ళు చల్లగా ఉన్నాయి. థర్మోస్టాట్ ఏమనుకుంది? "అయ్యో, ఇంకా చల్లగానే ఉంది" అనుకుని మ్యాట్‌ని ఆపకుండా మండించింది. నీళ్ళు 32 ఎప్పటికవుతాయి? పొద్దున్న చూసేసరికి వెచ్చని గూట్లో నేల 43. పాము అక్కడే చుట్టుకుని ఉంది. పొట్ట కింద పొలుసులు ఎర్రగా కమిలిపోయాయి.

మందు రాసుకుంటూ రెండు సార్లు కుబుసం విడిచేదాకా ఆగాల్సి వచ్చింది. బతికింది. కానీ మా వాడు ఆ పొద్దున్న నాతో మాట్లాడలేదు, బడికెళ్ళేటప్పుడు కూడా.

అప్పుడే మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ఇంట్లో పాము ఉందని తెలిసి మొదటి వారం హాల్లోకే రాలేదు. ఈ గొడవంతా విని ఆవిడ అన్న మాట: "బాలింత మంచం కింద కుంపటి పెట్టేటప్పుడు దుప్పట్లో చేయి పెట్టి చూసేవాళ్ళమమ్మా. కుంపటి దగ్గర చూడం. బిడ్డ పడుకున్నచోట చూస్తాం." పశువైద్యురాలు అడిగిందీ అదే. ఆ రోజు నుంచి గూట్లో అంకె చూసి పంచాంగం క్యాలెండర్లో తేదీ పక్కన రాసే పని ఆవిడే తీసుకున్నారు. ఏకాదశి, పక్కన 31.5. అమావాస్య, పక్కన 32.

ఇప్పుడు మా ఏర్పాటు ఇలా ఉంది. థర్మోస్టాట్ సెన్సరు పెట్టె బయట, మ్యాట్‌కీ గాజుకీ మధ్య బిగించాం. పాముకి అందదు, తడవదు. థర్మోస్టాట్ మీద పెట్టిన అంకె 32 కాదు, అంతకంటే ఎక్కువే, ఎందుకంటే గాజూ, పొట్టూ దాటేసరికి కొంత వేడి పోతుంది. ఎంత ఎక్కువ అనేది మీ పెట్టెని బట్టి ఉంటుంది. రోజుకి ఒక్కో డిగ్రీ జరుపుతూ, లోపల గూటి నేల మీద కొలుస్తూ పోవాలి. అక్కడ 32 వచ్చాక ఆపాలి. పొట్టుని మ్యాట్ మీద సెంటీమీటరుకి మించనివ్వం. పాము పొట్టుని తవ్వుకుని గాజు దాకా పోతుంది కాబట్టి, పొట్టు తీసేసి ఒట్టి గాజు మీద కూడా కొలిచి, అక్కడా కాలడం లేదని చూసుకోవాలి. మ్యాట్ నేలలో మూడో వంతుకి మించకూడదు. మించితే చల్లని చివర అంటూ మిగలదు. పెట్టె లోపల టేపు వాడకండి. పొలుసులకి అంటుకుంటే చర్మం ఊడొస్తుంది.

విడిగా రెండు డిజిటల్ థర్మామీటర్లు, ఒక్కో గూట్లో ఒకటి. ఇవి థర్మోస్టాట్‌కి సంబంధం లేనివి. థర్మోస్టాట్ తప్పు చేస్తే చెప్పేది అవే. వేడి 35 దాటితే కూసేవి దొరుకుతాయి, అలాంటిది వెచ్చని వైపు పెట్టండి. పిస్తోలు లాగా గురిపెట్టి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు కూడా మంచిదే. నేల వేడి చెప్తుంది, గాలి వేడి చెప్పదు.

మ్యాట్ కాక పైనుంచి వేడి ఇచ్చే సిరామిక్ దీపాలున్నాయి. ఇవి వెలుగివ్వవు, వేడే ఇస్తాయి. పెద్ద చెక్క పెట్టెలకి అవే నయం. చెక్క గాజుకన్నా వేడిని నిలుపుకుంటుంది కూడా. దీపానికి తప్పనిసరిగా ఇనప వల తొడగాలి. లేకపోతే పాము వెళ్ళి దీపాన్నే చుట్టుకుంటుంది. వాటికి వాడే థర్మోస్టాట్ రకం వేరు, కొనేటప్పుడు ఏ హీటరుకి అని చెప్పి అడగండి. ఎర్ర లైట్లూ, నీలం లైట్లూ అవసరం లేదు. రాత్రి పాముకి చీకటే కావాలి.

రెండు గూళ్ళు అన్నాను కదా, దాని మీద ఒక మాట. చాలామంది ఒక్క గూడే పెడతారు, వెచ్చని వైపు. పాముకి వేడి కన్నా దాక్కోవడం ముఖ్యం. చాటు ఒక్కచోటే ఉంటే, ఒళ్ళు ఉడికిపోతున్నా అక్కడే ఉంటుంది తప్ప బయటపడదు. గూడు చల్లని వైపే ఉంటే తిన్నది అరక్కపోయినా అక్కడే ముడుచుకుంటుంది. ఒకేలాంటి గూళ్ళు రెండు, అటొకటి ఇటొకటి. అప్పుడు ఎటు పడుకుందో చూస్తే మనకీ తెలుస్తుంది. తిన్న తర్వాత రెండు రోజులు వెచ్చగా, తర్వాత చల్లగా, ఇలా మారుతుంటే పెట్టె బాగున్నట్టు. ఎప్పుడూ నీళ్ళ గిన్నెలోనే ఉంటే వేడెక్కువైందేమో చూడండి. ఎప్పుడూ మ్యాట్‌కి అతుక్కునే ఉంటే చలి. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కు దగ్గర బుడగలొస్తున్నా అంకెలు సర్దుకుంటూ కూర్చోకండి, వైద్యుడి దగ్గరికి వెళ్ళండి.

పాము తెచ్చేముందు వారం రోజులు ఖాళీ పెట్టెని నడపండి. పొద్దున్న ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పడుకునేముందు అంకెలు రాయండి. పిల్లలకి ఆ వారం యుగంలా ఉంటుంది. ఉండనివ్వండి.

ఒక చిన్న పిట్టకథ. పాము తనంతట తాను వేడి పుట్టించుకోలేదన్నాను, దానికో మినహాయింపు ఉంది. మన దేశపు కొండచిలువే! ఆడది గుడ్ల చుట్టూ చుట్టుకుని, ఒళ్ళంతా అదురుతున్నట్టు కండరాలు బిగించి వదుల్తూ వేడి పుట్టిస్తుంది. న్యూయార్క్ జంతుప్రదర్శనశాలలో ఒక భారతీయ కొండచిలువని కొలిచి, చుట్టూ ఉన్న గాలికన్నా దాని ఒళ్ళు కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉందని 1966లో ప్రచురించారు. 1988లో డేవిడ్ స్లిప్, రిచర్డ్ షైన్ అనేవాళ్ళు సిడ్నీ దగ్గరి అడవుల్లో డైమండ్ పైథాన్ కూడా ఇదే పని చేస్తుందని చూపించారు. కోడి పొదిగినట్టే. ఇది విన్నాకే మా అత్తగారు పెట్టె దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలెట్టారు. నాగుల చవితికి పాలు పోస్తానన్నారు. పాముకి పాలు ఆహారం కాదు, జబ్బు చేయొచ్చు. వాడు ఆ సంగతి చెప్తే విని, పెరట్లో కరివేపాకు మొక్క మొదట్లో పోశారు.

చివరగా ఎండాకాలం. మన వాళ్ళు అందరూ చలి గురించే ఆలోచిస్తారు. థర్మోస్టాట్ వేడి ఆపగలదు, చల్లబరచలేదు. గదిలో 38 ఉంటే మ్యాట్ ఆగిపోయినా పెట్టెలో 38 ఉంటుంది. 40 దగ్గరికి వెళ్తే చాలా కొండచిలువలకి ప్రాణం మీదికి వస్తుంది. మాకు అంత దూరం కాని పెన్రిత్‌లో 2020 జనవరి 4న 48.9 డిగ్రీలు నమోదైంది. మా వీధిలో ఇళ్ళన్నీ పక్కపక్కనే, పైకప్పులు ముదురు రంగువి, చెట్లు ఇంకా చిన్నవి. మేడ మీది గదులు మధ్యాహ్నానికి పొయ్యిలా అవుతాయి. అందుకని పెట్టె కింది అంతస్తులో, కిటికీకి దూరంగా, లోపలి గోడ పక్కన పెట్టండి. గరాజ్‌లో వద్దు. గాజు పెట్టె మీద గంట సేపు ఎండ పడినా చాలు, ఎండలో ఆపిన కారే అది. బాగా ఎండ ఉన్న రోజు మ్యాట్ స్విచ్ తీసేసి, గడ్డకట్టిన నీళ్ళ సీసాని తువ్వాల్లో చుట్టి పెట్టె మీద, చల్లని చివర పెడతాం. ఇక చలికాలంలో కరెంటు పోతే కంగారు అక్కర్లేదు. పెట్టెకి దుప్పటి కప్పండి, వేడినీళ్ళ సంచీని గుడ్డలో చుట్టి పెట్టె పక్కన ఆనించండి, కరెంటు వచ్చి రెండు రోజులయ్యేదాకా తిండి పెట్టకండి. ఆరోగ్యంగా ఉన్న పాము ఒక రాత్రి చలికి తట్టుకుంటుంది.

మరి మనం ఇండియా వెళ్ళేది ఎప్పుడు? డిసెంబరు, జనవరి. సరిగ్గా ఇక్కడ మాడిపోయే రోజులు. పోయిన డిసెంబరులో మేం నాలుగు వారాలు వెళ్ళాం. పామున్న గదికి ఏసీ 26 దగ్గర పెట్టి, తాళాలు పక్కింటి వాళ్ళకిచ్చాం. లైసెన్సు ఉన్న స్నేహితుడు వారానికోసారి వచ్చి చూశాడు. ఆయనకి రాసిచ్చిన కాగితం మీద మూడే పనులు: తిండి పెట్టొద్దు, నీళ్ళు మార్చండి, రెండు థర్మామీటర్ల ఫొటో తీసి పంపండి. పెద్ద పాముకి నెల రోజులు తిండి లేకపోయినా ఏమీ కాదు. పిల్ల పాములకి అలా కుదరదు, వాటిని చూసుకునే మనిషిని వెతుక్కోవాలి.

తెనాలిలో భోగి మంట దగ్గర ఉన్నప్పుడు ఫోన్లో ఫొటో వచ్చింది. అటు 32, ఇటు 26. మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని చూసి, క్యాలెండర్ తెమ్మన్నారు.